మాస్కును మేకుకి తగిలించొద్దు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నిజాంపేట ఫ్లాట్‌లో బాల్కనీ పక్క గది ఖాళీ చేసి చెక్కపని మొదలుపెడుతున్నావట, పాపకి మంచం నీ చేత్తోనే చేస్తానన్నావట. చెబుతుంటే అక్క గొంతులో ఎంత సంతోషమో! నాకైతే కళ్లు చెమర్చాయి. ఈ ఇంట్లో ఉలి పట్టేవాడు నాతోనే ఆఖరనుకున్నాను రా, నువ్వు కంప్యూటర్ల ముందు కూర్చున్నా చేతులు మాత్రం మావే అన్నమాట. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. చెక్క నున్నగా రుద్దే శాండర్ కొన్నాడు, చెక్క కోసే కట్టర్ కొన్నాడు అని అక్క వరసగా చెబుతుంటే, మరి మాస్కో అని అడిగాను. "కరోనా అప్పటి గుడ్డ మాస్కులు ఉన్నాయిగా" అంది. అందుకే తెల్లారకముందే లేచి రాస్తున్నాను. మొత్తం చదువు, మధ్యలో వదిలెయ్యకు.

చిన్నప్పుడు వేసవి సెలవులకి రాజమండ్రి వస్తే నా షాపులో చిత్రిక పొట్టు మీద కూర్చుని ఆడుకునేవాడివి, గుర్తుందా? ఆ పొట్టుతో నాకు భయం లేదు. అది బరువు, కింద పడుతుంది, చీపురుకొస్తుంది. నా భయమంతా శాండర్ కింద నుంచి పొగలా లేచే దుమ్ముతోనే. షాపు రేకుకి ఒక చిల్లు ఉండేది, పదింటికి అందులోంచి ఎండ కర్రలా దిగేది. మిషన్ ఆపి, టీ తాగి వచ్చాక చూసినా ఆ వెలుగులో దుమ్ము ఇంకా తిరుగుతూనే ఉండేది. గదిలో మిగతా చోట గాలి శుభ్రంగా ఉన్నట్టే కనిపించేది. కనిపించనిదే లోపలిదాకా పోయేది. పైగా నువ్వు మొదట వాడేది చెక్క నారని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డేనట, దాని దుమ్ము మరీ మెత్తన, అందులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు కూడా ఉంటుంది. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి గ్రూపులో చేర్చింది, ముఖ్యంగా ముక్కు లోపల వచ్చే క్యాన్సర్. నిన్ను మానెయ్యమని కాదు రా, తెలిసి చెయ్యమంటున్నాను.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, జేబురుమాలు ఈ పనికి పనికిరావు. ఎన్95 అయితే సన్నటి రేణువుల్లో 95 శాతం ఆపుతుంది, ఎప్పుడో ఒకసారి అటక దులపడానికి చాలు. నువ్వు వారం వారం చేస్తానంటున్నావు కాబట్టి రబ్బరుదో సిలికాన్‌దో సగం మొహం మాస్కు కొనుక్కో, రెండు పక్కలా ఫిల్టర్లు బిగించేది. ఫిల్టర్ పీ100 తీసుకో, 99.97 శాతం ఆపుతుంది, ఊదా గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి షాపులో గుర్తుపట్టడం తేలిక. యూరప్ రకమైతే పీ3 అని రాసుంటుంది. సైజుల్లో చిన్నది, మధ్యది, పెద్దది ఉంటాయి, త్రీఎమ్ వాళ్ల 6000 సిరీస్‌లో 6100, 6200, 6300 అని. ఆన్‌లైన్‌లో గుడ్డిగా నొక్కకు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల షాపులున్నాయి, వెళ్లి మొహానికి పెట్టి చూసుకో. ఊపిరి వదిలే వాల్వు ఉంటుంది కాబట్టి నీ కళ్లద్దాలకి ఆవిరి పట్టడం కూడా తగ్గుతుంది. ఇంకొకటి, చిన్నప్పుడు నీకు పిల్లికూతలు వచ్చేవి. మాస్కులోంచి ఊపిరి తీయడం కాస్త కష్టంగానే ఉంటుంది, కొనే ముందు డాక్టర్‌ని ఒక మాట అడుగు.

గడ్డం తీసెయ్. నీకు కోపం వస్తుందని తెలుసు, పెళ్లిలో కూడా తియ్యలేదు నువ్వు. కానీ ఆ రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి రా. మధ్యలో వెంట్రుకలుంటే గాలి ఫిల్టర్‌లోంచి ఎందుకొస్తుంది, ఆ సందుల్లోంచి వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన మాస్కైనా దండగే. మీసం ఉంచుకో, మాస్కు లోపలికి పడితే పర్వాలేదు. గడ్డం తియ్యనంటే తలంతా కప్పి బ్యాటరీ ఫ్యానుతో గాలి ఇచ్చేవి ఉన్నాయి, చాలా ఖరీదు. నా మాట విని గీసెయ్, పాపకి నీ బుగ్గలు చూసే అదృష్టం కలుగుతుంది. పెట్టుకున్న ప్రతిసారీ రెండు ఫిల్టర్లకీ అరచేతులు అడ్డం పెట్టి ఊపిరి లోపలికి తీయి, మాస్కు మొహానికి పీల్చుకుని అలాగే నిలబడాలి. తర్వాత వాల్వు మూసి మెల్లగా వదులు, కాస్త ఉబ్బాలి, అంచుల్లోంచి గాలి పోకూడదు. పోతే పట్టీలు సర్దుకుని మళ్లీ చూడు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, ఇది అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2001లో మీ నాన్న కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నాకు ఇలాంటి మాస్కే తెచ్చాడు. అప్పటిదాకా షాపులో అందరం ముక్కుకి తువ్వాలు చుట్టుకునేవాళ్లం. బావ తెచ్చిన వస్తువు, రాజమండ్రిలో ఇంకెవరి దగ్గరా చూడలేదు, అందుకే షాపులోకి రాగానే అందరికీ కనపడేలా గుమ్మానికి ఎదురుగా మేకు కొట్టి దానికి తగిలించేవాడిని. ఆ మేకుకీ కట్టర్‌కీ మధ్య రెండు బారలు కూడా లేవు. ఆ ఏడు పెద్దింటి వాళ్ల రోజ్‌వుడ్ తలుపుల పని నాలుగు నెలలు నడిచింది. తువ్వాలు రోజుల్లో దుమ్ము ఎక్కువైతే బయటికొచ్చి నిలబడేవాడిని. మాస్కు వచ్చాక ఆ భయం పోయింది, వీధిలోకి దుమ్ము పోతోందని జనం గొడవ చేస్తే తలుపులు కూడా మూసేసి గంటలు గంటలు గరుకు పేపర్ కొట్టాను.

బావ ఇచ్చిన అదనపు ఫిల్టర్ల జత అయిపోయింది. ఊళ్లో ఎక్కడా దొరకలేదు. బల్లకేసి కొట్టి దులిపాను, కంప్రెసర్ గాలి పట్టాను, చివరికి సబ్బు నీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాను. అలా చేస్తే ఫిల్టర్ పాడైపోతుందని, దుమ్మును పట్టుకునే గుణమే పోతుందని చెప్పేవాళ్లు లేరు. దసరా నాటికి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు పడుకుంటే ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు. డాక్టర్ దుమ్ము దగ్గర జాగ్రత్త పడుతున్నావా అంటే, కువైట్ మాస్కు ఉందండీ అని గర్వంగా చెప్పాను.

సంక్రాంతికి నిన్ను తీసుకుని అక్క వచ్చింది. షాపులోకి వచ్చి నాతో మాట్లాడుతూనే మేకు మీద మాస్కు తీసింది. తీసి లోపల కొంగుతో ఒక్కసారి తుడిచింది. తెల్ల నేత చీర రా అది. కొంగు చూపించింది, కాఫీ గింజల రంగు మరక. "ఇది ముక్కుకి పెట్టుకునే పీలుస్తున్నావా తమ్ముడూ?" అంది. నోరు పైకి పెట్టి గిన్నెలా వేలాడుతున్న మాస్కులోకి రోజంతా దుమ్ము రాలుతోంది, పొద్దున్నే నేను దాన్ని మొహానికి బిగించుకుని ఆ దుమ్మునే మొదటి ఊపిరిగా తీసుకుంటున్నాను, ఇన్ని నెలలు. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇవాళ్టికీ రెండు దిండ్లు వేసుకుని పడుకుంటాను, ఆయాసానికి పీల్చే పంపు పక్కనే ఉండాలి.

ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. నా దగ్గర పనిచేసే కుర్రాడికి మాస్కు కావాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ తలుపులు సగం పేపర్ కొట్టింది వాడే. చెక్క పలక పట్టుకోమని మీ ఆవిడని పిలిస్తే ముందు తనకో మాస్కు ఇవ్వు. పాపని మాత్రం ఆ గది గడప తొక్కనివ్వకు.

అందుకని ఏ కంపెనీ మాస్కైనా సరే, దాని ఫిల్టర్లు నీకు దగ్గర్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయా అని ముందు అడుగు, తర్వాతే మాస్కు ధర అడుగు. మొదటి రోజే రెండు జతలు అదనంగా తెచ్చుకో. ఊపిరి బరువెక్కితే ఫిల్టర్లు పారెయ్, దులపకు, ఉతకకు. ఫిల్టర్లు తీసేసి మాస్కు మాత్రం సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు, వాల్వు రేకులు ముడుచుకున్నాయేమో చూడు. మిషన్ ఆపగానే మాస్కు తీసెయ్యకు, దుమ్ము దిగాక తీయి. చీపురు వద్దు, తడిగుడ్డ పెట్టు. ఆ బట్టలతో పాపని ఎత్తుకోవద్దు.

గోడ పుట్టీ రుద్దినా, పాత పెయింట్ గీకినా ఇదే మాస్కు పెట్టుకో, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. టైల్సు, గ్రానైట్ కోస్తే నీళ్లు పోస్తూనే కొయ్యి. కానీ థిన్నర్, మెలమైన్ పాలిష్ వాసన దుమ్ము ఫిల్టర్‌కి ఆగదు, దానికి బొగ్గు ఉన్న క్యాట్రిడ్జ్ వేరే ఉంటుంది, అది పెట్టుకున్నా కిటికీలు తెరిచే చెయ్యి. మాస్కు ఉంది కదా అని అపార్ట్‌మెంట్ సంపులోకి మాత్రం దిగకు, నీకు దణ్ణం పెడతాను. అక్కడ గాలిలో ప్రాణవాయువే చాలకపోవచ్చు. లేని ప్రాణవాయువును ఏ ఫిల్టరూ తెచ్చివ్వదు.

ఆ సంక్రాంతికి అక్క అరిసెలు తెచ్చిన స్టీలు డబ్బా ఒకటుంది. అరిసెలు పళ్లెంలోకి వంపేసి, డబ్బా తుడిచి, మాస్కు కడిగి ఆరాక తనే అందులో పెట్టి మూత వేసింది. షాపు మూసేదాకా అందులోనే ఉంచాను. రేపు ఆర్టీసీ కార్గోలో నీకు పంపుతున్నాను. మాస్కు తడి లేకుండా ఆరాకే అందులో పెట్టు, డబ్బా దుమ్ము గదిలో కాదు, హాల్లో ఉంచు. మూత కాస్త బిగుసుగా ఉంటుంది, పక్కన అరచేత్తో తడితే వస్తుంది.

మీ మావయ్య