జీమ్యాట్ ఇప్పుడే రాసేయాలా, ఉద్యోగంలో చేరాక రాయాలా?

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగం వచ్చింది, ఇంకో ఏడు నెలల్లో చేరాలి. మూడు నాలుగేళ్లు పనిచేసి ఎంబీఏ చేద్దామని ఉంది. దాని ఎంట్రన్స్ పరీక్ష జీమ్యాట్ ఇప్పుడే రాసేయమని అక్క అంటోంది, ఉద్యోగంలో కుదురుకున్నాక రాయొచ్చులే అని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: నేను మీ అక్క వైపే తల్లీ, కాకపోతే ముందు ఒక లెక్క వేసుకో, ఆ లెక్క కుదిరితేనే.

జీమ్యాట్ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. ఐదేళ్లంటే బోలెడు టైమ్ అనిపిస్తుంది గానీ చాలా ఎంబీఏలు ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలవుతాయి, వాటికి రౌండ్ వన్, అంటే మొదటి విడత అప్లికేషన్లు అంతకు ముందు ఏడాది సెప్టెంబర్లోనే అయిపోతాయి, రౌండ్ టూ జనవరి మొదట్లో. ఇప్పుడు నీ సంగతి చూద్దాం. నువ్వు 2026 మార్చిలో రాశావనుకో, స్కోరు 2031 మార్చి దాకా ఉంటుంది. ఆ ఏడాది మధ్యలో ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు చేసి 2030 సెప్టెంబర్లో అప్లై చేస్తే హాయిగా సరిపోతుంది. అదే ఇంకో ఏడాది ఆగి 2031లో పెడదాం అనుకుంటే ఆ స్కోరు పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. కాబట్టి నువ్వు మూడు నాలుగేళ్లు అన్నావు చూడు, ఆ మాట మీద నిజంగా ఉంటావా అన్నదే అసలు ప్రశ్న. ఉంటాను అంటే ఇప్పుడే రాసెయ్. ఆరేడేళ్లు చేసి చూస్తాను అనే ఆలోచన లోపల ఎక్కడో ఉంటే మాత్రం ఇప్పుడు తొందరేం లేదు.

ఇప్పుడే ఎందుకు అంటున్నానంటే, ఈ పరీక్షకి పెద్ద సిలబస్ ఏం లేదు. మొత్తం 64 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషాలు. క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లిష్), డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు చూసి జవాబు చెప్పడం) అని మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. క్వాంట్లో వచ్చేది స్కూల్లో చదివిన అరిథ్‌మెటిక్, ఆల్జీబ్రానే, కానీ ఆ సెక్షన్లో క్యాలిక్యులేటర్ ఇవ్వరు, 21 ప్రశ్నలకి 45 నిమిషాలు అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు అంతే. ఇదంతా చేతి వేగం, కుదురుగా కూర్చునే అలవాటు. ఆ అలవాటు నీకిప్పుడు ఉంది. ఉద్యోగంలో చేరాక తెలివి ఎక్కడికీ పోదు, పోయేది సాయంత్రం ఏడు తర్వాత ఓపిక. వచ్చే ఏడాది రాస్తా, ఈ ప్రాజెక్ట్ అవ్వగానే రాస్తా అంటూ తెలివైన పిల్లలే మూడేళ్లు వాయిదా వేసుకోవడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

కానీ ఒక్క విషయం, సెమిస్టర్ మార్కులు తగ్గించుకుని మాత్రం జీమ్యాట్ రాయకు. జీమ్యాట్ మళ్లీ రాసుకోవచ్చు, 16 రోజులు ఆగితే చాలు, 12 నెలల్లో 5 సార్లు దాకా రాయనిస్తారు. డిగ్రీ మార్కులు అలా కాదు, ఒకసారి పడ్డాయంటే ఏ బిజినెస్ స్కూల్ కి అప్లై చేసినా అవే చూపించాలి. నీకు బ్యాక్‌లాగ్స్ ఉన్నా, మార్కులు అంతంతమాత్రంగా ఉన్నా ముందు అవి చక్కబెట్టుకో, పరీక్షలయ్యాక ఉద్యోగంలో చేరేలోపు దొరికే ఖాళీలో రాయి.

నీ ఫ్రెండ్స్ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఆఖరి సంవత్సరం పిల్లల కోసమే కొన్ని స్కూళ్లు డిఫర్డ్ ఎంబీఏ అని పెట్టాయి, హార్వర్డ్ 2+2 అలాంటిదే. చదువుకుంటూ ఉండగానే అప్లై చేస్తావు, సీటు వస్తే రెండు నుంచి నాలుగేళ్లు పనిచేసి వచ్చి చేరతావు. నీ ప్లాన్ కూడా అదే కదా! ఇలాంటివాటి గడువు మామూలుగా ఏప్రిల్ లో ఉంటుంది, అప్పటికి చేతిలో స్కోరు ఉండాలి. జీమ్యాట్ బదులు జీఆర్ఈ అనే ఇంకో ఎంట్రన్స్ స్కోరు కూడా తీసుకుంటారు, కాబట్టి ఎంఎస్ చేద్దామా అనే ఆలోచన కూడా ఉంటే జీఆర్ఈ రాస్తే రెండింటికీ పనికొస్తుంది, దాని స్కోరు కూడా 5 ఏళ్లే.

ఇక డేట్ సంగతి. ముందు డేట్ బుక్ చేసుకుంటే భయంతోనైనా చదువుతాం అంటారు కొందరు, నాకది నచ్చదు. జీమ్యాట్ వాళ్లే రెండు మాక్ టెస్టులు ఫ్రీగా ఇస్తారు, ఒకటి ఏమీ చదవకుండా టైమ్ పెట్టుకుని రాయి, రెండోది చివర్లో పరీక్షకి రెండు వారాల ముందుకి దాచుకో. మొదటి స్కోరుకీ నీకు కావాల్సిన స్కోరుకీ మధ్య ఎంత ఉందో చూస్తే రెండు నెలలు పడుతుందా నాలుగు పడుతుందా అర్థమవుతుంది. ఏడు నెలల్లో నాలుగో నెల చివరికి మొదటిసారి రాసేస్తే, సరిగ్గా రాకపోయినా రెండోసారికి చోటు ఉంటుంది. మొదటిసారి స్కోరు తగ్గితే స్కూళ్లు ఏమనుకుంటాయో అని భయపడకు, స్కోరు చూసుకున్నాకే పంపాలా వద్దా అని నువ్వే నిర్ణయించుకోవచ్చు, పంపనిది వాళ్లకి కనపడదు.

ఇంకోటి, 700 రావాలట అని ఎవరైనా చెప్తే అది పాత జీమ్యాట్ లెక్క అయ్యుండొచ్చు. ఇప్పటి స్కేల్ 205 నుంచి 805, ఇందులో 645 వస్తే పాత 700 దరిదాపుల్లో ఉన్నట్టు. పాత లెక్క పెట్టుకుని అనవసరంగా దిగులు పడకు.

ఈ ఆదివారం ఆ మొదటి మాక్ రాసి స్కోరు, నీ సెమిస్టర్ పరీక్షల తేదీలు రెండూ నాకు పంపు, డేట్ ఎప్పుడు పెట్టుకోవాలో కలిసి చూద్దాం.