అజూర్ అడ్మిన్ పరీక్ష: 640 దగ్గర ఆగిపోతే

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ మీద పెట్టే అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఏజెడ్-104 రాస్తే 640 వచ్చి ఫెయిలయ్యాను. వీడియో పాఠాలన్నీ రెండేసిసార్లు చూశాను. అయినా నెట్‌వర్కింగ్ ప్రశ్నల దగ్గర తికమకపడ్డాను. మళ్లీ ఎప్పుడు రాయొచ్చు? ఎలా చదవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మొదటిసారి తప్పితే 24 గంటలు ఆగి మళ్లీ రాయొచ్చమ్మా. కానీ తొందరపడకండి. రెండోసారీ తప్పితే 14 రోజులు ఆగాలి, రాసిన ప్రతిసారీ ఫీజు కట్టాలి. మూడు వారాలు తీసుకోండి. పాస్ మార్కు 1000కి 700. అది స్కేల్డ్ స్కోరు (ప్రశ్నల కష్టాన్ని బట్టి సర్దిన మార్కు) కాబట్టి 640 అంటే నూటికి 64 సరిగ్గా రాశానని లెక్క కట్టకండి. స్కోర్ రిపోర్టులో ఏ విభాగం గీత పొట్టిగా ఉందో చూసి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

వీడియోలు ఇక చాలు, అజూర్ పోర్టల్ (అజూర్‌ని నడిపే వెబ్‌సైట్) తెరవండి. ఒకే రిసోర్స్ గ్రూపులో (అన్నీ కలిపి ఉంచే సంచి లాంటిది) మూడు వీనెట్లు (వర్చువల్ నెట్‌వర్కులు) ఈ ఐపీ పరిధులతో పెట్టండి: 10.1.0.0/16, 10.2.0.0/16, 10.3.0.0/16. ఒక్కోదాంట్లో ఒక సబ్‌నెట్ (వీనెట్‌లో ఒక భాగం), ఒక చిన్న లినక్స్ వీఎం (వర్చువల్ మెషిన్). విండోస్ అయితే దాని సొంత ఫైర్‌వాల్ పింగ్‌ని (అవతలి మెషిన్ అందుతోందా అని చూసే పలకరింపు) ఆపేస్తుంది, మీరేమో లోపం పీరింగ్‌లో (రెండు వీనెట్లని కలిపే లింకు) ఉందనుకుని వెతుక్కుంటారు. ఒకటిని రెండుతో, రెండుని మూడుతో పీరింగ్ చేసి, మొదటి వీఎం నుంచి మూడోదానికి పింగ్ కొట్టండి. వెళ్లదు. పీరింగ్ పక్కింటి వరకే. ఆ పక్కింటివాళ్ల పక్కింటికి దారివ్వదు. ఒకటికీ మూడుకీ నేరుగా పీరింగ్ చేస్తే వెళ్తుంది.

తర్వాత రెండో వీఎం ఉన్న సబ్‌నెట్‌కి ఎన్‌ఎస్‌జీ (నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్, ట్రాఫిక్‌ని రానివ్వాలా వద్దా చెప్పే రూళ్ల జాబితా) తగిలించి, 22వ పోర్టుకి (ఎస్‌ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్ వాడేది) ప్రయారిటీ 200తో డినై, 300తో అలౌ రాయండి. మొదటి వీఎం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కనెక్ట్ కాదు. చిన్న అంకె ఉన్న రూలునే ముందు చూస్తుంది; అది సరిపోలితే ఇక మిగతావాటి జోలికి పోదు. అలౌని 100కి మార్చి చూడండి. ప్రతిసారీ కొత్త సెషన్ తెరవాలి, ఎందుకంటే రూలు మార్చినా పాత కనెక్షన్ తెగకపోవచ్చు. సబ్‌నెట్‌కీ, వీఎం నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కీ (దాని నెట్‌వర్క్ కార్డు) విడివిడిగా ఎన్‌ఎస్‌జీలుంటే రెండూ ఒప్పుకుంటేనే ట్రాఫిక్ లోపలికొస్తుంది. ఎంటర్ కొట్టేముందు ఏమవుతుందో కాగితం మీద రాసుకోండి. రాసింది ఒకటి, జరిగింది ఒకటి అయితే ఆరోజు చదవాల్సింది అదే.

ఐపీల లెక్క కూడా చేతికి రావాలి. ప్రతి సబ్‌నెట్‌లో మొదటి నాలుగూ, చివరిదీ అజూర్ తనకు అట్టిపెట్టుకుంటుంది. /29 సైజు సబ్‌నెట్‌లో 8 అడ్రసులు ఉన్నా మీకు మిగిలేవి 3 మాత్రమే.

బిల్లు జాగ్రత్త. వీఎం లోపలికెళ్లి షట్‌డౌన్ చేస్తే కంప్యూట్ చార్జీ పడుతూనే ఉంటుంది. పోర్టల్‌లో స్టాప్ నొక్కి, డీఅలొకేటెడ్ అని వచ్చాకే ఆగుతుంది. డిస్కు చార్జీ అప్పుడూ పడుతుంది. అందుకే పని అయ్యాక రిసోర్స్ గ్రూపునే డిలీట్ చేసేయండి. డంపుల (బయటికి లీకైన పరీక్ష ప్రశ్నల) జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి నిబంధనలకు విరుద్ధం, పైగా వాటిలో తప్పు జవాబులకు లోటుండదు.

ప్రశ్న: పరీక్షలో మైక్రోసాఫ్ట్ లెర్న్ (మైక్రోసాఫ్ట్ అధికారిక పాఠాల సైట్) పేజీలు తెరుచుకోవచ్చట కదా, ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం దేనికి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తెరుచుకోవచ్చు, నిజమే. కానీ ఉన్నది 100 నిమిషాలు, మీరు పేజీలు వెతుకుతున్నా గడియారం ఆగదు. ఒక పరిమితి, ఒక కమాండ్ పేరు లాంటివాటికి వాడుకోండి. కాంట్రిబ్యూటర్ అనే రోల్ (అనుమతుల కట్ట) ఉన్నవాడు ఇంకొకరికి రోల్ ఎందుకు ఇవ్వలేడో అక్కడ కూర్చుని చదవాల్సి వస్తే ఆ ప్రశ్నకే పది నిమిషాలు పోతాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. వరుసగా వచ్చే అవును-కాదు ప్రశ్నల్లో ముందుకెళ్తే వెనక్కి రాలేరు, అక్కడ మాత్రం నిదానించండి.

ప్రశ్న: సర్టిఫికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఏడాది. గడువు ముగిసే ముందు ఆరు నెలల్లో ఎప్పుడైనా ఇంటి నుంచే ఆన్‌లైన్ అసెస్‌మెంట్ రాసి రెన్యూ చేసుకోవచ్చు, ఫీజు లేదు. గడువు దాటనిస్తే మాత్రం మొత్తం పరీక్ష మళ్లీ రాయాల్సిందే.