గోరింక తల బోడిగా ఎందుకవుతుంది?

మీ బాల్కనీకి వచ్చే గోరింక తల మీద ఒక్క ఈక కూడా లేదని, పసుపు పచ్చని చర్మం కనిపిస్తోందని, జబ్బేమోనని టెన్షన్ పడుతూ అడిగారు. అది తింటూ, అరుస్తూ, ఎగురుతూ ఉంటే భయపడకండి. మా డాబా మీదికి వచ్చే గోరింకల్లో ఇలాంటివి అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాను. కొత్తగా చూసినవాళ్లు ఇదేదో వేరే పక్షి అనుకుంటారు.

పక్షులు పిల్లలను పెంచడం అయిపోయాక పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి. మామూలుగా కొన్ని కొన్నిగా రాలతాయి కాబట్టి మన కంటికి తెలియదు. కొన్నింటికి మాత్రం తల మీదవన్నీ ఒక్కసారే ఊడిపోతాయి. లేదంటే పేలు, మైట్స్ (ఒంటికి పట్టే అతి చిన్న పురుగులు) పట్టి ఉండొచ్చు. పక్షి ఒళ్లంతా ముక్కుతో శుభ్రం చేసుకోగలదు కానీ, సొంత తలకు ముక్కు అందదు కదా! కాలితో గోక్కోవాల్సిందే. జంట గోరింకలు ఒకదాని మెడ, తల ఇంకొకటి ముక్కుతో సవరించడం మీరూ చూసే ఉంటారు. నాకు ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఈసారి వచ్చినప్పుడు కాస్త పరీక్షగా చూడండి. కంటి వెనకాల చిన్న గుంటలా కనిపించేది పుండు కాదు, చెవి రంధ్రం. మామూలుగా ఈకల కింద దాగి ఉంటుంది. నెత్తి మీద సూదిమొనల్లా పొడుచుకొస్తుంటే అవి కొత్త ఈకలే. ఒక్కో ఈక పల్చటి తొడుగులో చుట్టుకుని మొలుస్తుంది, తొడుగు పొట్టులా రాలిపోగానే విచ్చుకుంటుంది. ఆ మొలకలు కనిపించాయంటే కొన్ని వారాల్లో తల నిండుతుంది.

పంజరంలో పెంచే లవ్‌బర్డ్స్ సంగతి వేరు. తల ఒక్కటే బోడి అయితే పక్క పక్షి పీకుతోందేమో గమనించి, వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి.

వేపనూనె రాయొచ్చా అన్నారు. వద్దండి. పట్టుకోబోతే బెదిరి దెబ్బలు తగిలించుకుంటుంది, నూనె అంటిన ఈకలతో సరిగ్గా ఎగరలేదు. అది స్నానం చేసేంత వెడల్పు పళ్లెంలో లోతు లేకుండా నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చండి. గింజలు వేసే చోటు కూడా కడగండి, పేలు అయినా రోగాలైనా పక్షులు గుమిగూడే దగ్గరే అంటుకుంటాయి. ఒళ్లు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఒకేచోట కూర్చుని, మీరు దగ్గరికి వెళ్లినా కదలకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా పక్షులను చూసే డాక్టర్‌కు ఫోన్ చేయండి.