పాఠకుల ప్రశ్నలు: జపాన్ అనిమేలో సిలువ, క్రైస్తవులు

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి సెలవుల్లో ‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ అనే జపాన్ అనిమే (అక్కడి యానిమేషన్ ధారావాహిక) చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఆదాము, లిలిత్ (యూదు గాథల్లో ఆదాము మొదటి భార్య), మృతసముద్రపు గ్రంథపు చుట్టలు, సిలువ ఆకారంలో ఆకాశానికి లేచే మంటలు కనిపించాయి. దీన్ని తీసినవారు క్రైస్తవులా? ఇందులో ఏదైనా బోధ ఉందా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: తీసినవారు క్రైస్తవులు కారు, బోధ కోసం వెతికితే దొరకదు. హిదెయాకి అన్నో దర్శకత్వంలో గైనాక్స్ స్టూడియో తీసిన ఈ 26 భాగాల భారీ రోబోల ధారావాహిక 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి వరకు జపాన్ టెలివిజన్లో వచ్చింది. దానికి సహాయ దర్శకుడిగా పనిచేసిన కజుయా త్సురుమాకి ఈ ప్రశ్నకు తర్వాతి కాలంలో దాపరికం లేకుండా సమాధానమిచ్చారు. జపాన్‌లో భారీ రోబోల కథలు కోకొల్లలు కనుక తమది వేరుగా కనిపించాలని అనుకున్నామనీ, అక్కడ క్రైస్తవం అంతగా పరిచయం లేని మతం కనుక దాని చిహ్నాలు వింతగా, చూడముచ్చటగా ఉంటాయని వాడుకున్నామనీ, తమ బృందంలో క్రైస్తవులెవరూ లేరనీ ఆయన మాటల సారాంశం.

అయినా వాడినవారు ఏమీ చదవకుండా వాడారని అనుకోవడం పొరపాటు. అందులోని మూడు మహా కంప్యూటర్లకు మెల్కియోర్, బల్తజార్, కాస్పర్ అని పేర్లు పెట్టారు. ఇవి బాలయేసును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులకు సంప్రదాయం ఇచ్చిన పేర్లు. కథలో కీలకమైన ‘లాంజైనస్ ఈటె’ సంగతీ అంతే. సిలువపై ఉన్న యేసు ప్రక్కలో ఒక సైనికుడు ఈటెతో పొడిచాడని యోహాను సువార్త చెబుతుంది కానీ ఆ సైనికుడి పేరు చెప్పదు, ఆ పేరు తర్వాతి సంప్రదాయం నుంచి వచ్చింది. ఇంకొక విచిత్రం చూడండి. నగరం మీద దాడి చేసే వింత జీవులను ఆంగ్లంలో దేవదూతలన్నారు, జపనీయులు మాత్రం వాటిని ‘షితో’ అంటారు. ఆ మాటకు అర్థం అపొస్తలుడు. పేతురు, పౌలులకు వాడే మాటను నగరాన్ని కూల్చడానికి వచ్చే జీవికి పెట్టడం మన సంఘాలలో ఎవరికైనా చెవిన ముల్లులా తగులుతుంది. జపాన్ ప్రేక్షకుల్లో చాలామందికి అది గంభీరంగా వినిపించే పాత మాట, అంతే. విదేశీ దుకాణాల్లో చొక్కాల మీద ఓంకారం, చెప్పుల మీద గణపతి బొమ్మ ఎందుకు వస్తాయో ఈ సిలువలు కూడా కొంతవరకు అందుకే వచ్చాయి. జపాన్ జనాభాలో క్రైస్తవులు ఒక శాతం దగ్గరే ఉంటారు. క్రైస్తవులు కాని జంటలు కూడా తెల్లగౌనుతో చాపెల్లో పెళ్లి చేసుకోవడం, క్రిస్మస్‌కు క్రీము కేకు కోయడం అక్కడ మామూలు.

‘ట్రైగన్’ (1998) అనిమేలో వుల్ఫ్‌వుడ్ అనే పాదిరి భుజాన మోసే నిలువెత్తు సిలువ లోపల తుపాకులుంటాయి. ఇలాంటివాటిని పట్టిక వేస్తే పేజీలు చాలవు, వేసినా పెద్దగా తెలిసేదేమీ ఉండదు. బోధ ఉద్దేశంతోనే తీసినవి వేరే ఉన్నాయి. అమెరికాలోని క్రైస్తవ ప్రసార సంస్థ సీబీఎన్ కోసం తత్సునోకో స్టూడియో 1981లో ‘సూపర్‌బుక్’ తీసింది. 1989లో కన్నుమూసిన ప్రఖ్యాత బొమ్మల కథల రచయిత ఒసాము తెజుకా చివరి రోజుల్లో తలపెట్టిన బైబిలు కథల ధారావాహికను ఆయన తర్వాత ఇతరులు పూర్తిచేశారు.

ప్రశ్న: అలంకారానికి సిలువ ధరించేవారిని వదిలేస్తే, నిజంగా విశ్వాసంతో బతికే క్రైస్తవ పాత్రలు అనిమేలో ఉన్నాయా?
– ఒక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: ఉన్నాయి. తక్కువే అయినా, వాటిని వెతుక్కుంటూ వెళితే ఎక్కువగా నాగసాకి ప్రాంతానికే చేరుతాము. దీనికి చరిత్రే కారణం. కతోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ మన దేశంలో పనిచేసిన తర్వాత 1549లో జపాన్‌లోని కగోషిమాలో దిగారు. అర్ధశతాబ్దం తిరగకుండానే, 1597 ఫిబ్రవరిలో, నాగసాకిలో 26 మంది క్రైస్తవులను సిలువ వేశారు. వారిలో ముంబయి దగ్గరి వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఒకరు. 1614లో దేశమంతటా క్రైస్తవంపై నిషేధం వచ్చింది. క్రీస్తు, మరియమాతల బొమ్మలున్న పలకను కాలితో తొక్కమని అధికారులు పరీక్ష పెట్టేవారు. అయినా కొన్ని కుటుంబాలు కన్నన్ అనే బౌద్ధ దేవత రూపంలో మరియమాతను కొలుచుకుంటూ, గురువులు (పాదిరులు) లేకుండానే రెండు శతాబ్దాలకు పైగా విశ్వాసాన్ని దాచుకున్నాయి. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన ఔరా చర్చికి అలాంటివారు కొందరు వచ్చి ఫ్రెంచి గురువు ముందు తమను తాము వెల్లడించుకున్నారు. నిషేధం 1873లో తొలగింది.

షినిచిరో వతనాబే తీసిన ‘సమురాయ్ చంప్లూ’ (2004) మొదట చూసేవారికి హిప్‌హాప్ సంగీతంతో సాగే కత్తియుద్ధాల కథ. ఫూ అనే అమ్మాయి ఇద్దరు కత్తివీరులను వెంటబెట్టుకుని, పొద్దుతిరుగుడు పూల వాసన వచ్చే సమురాయి కోసం ఊరూరా తిరుగుతుంది. (ఆ పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన ఉండదన్న సంగతి మన రైతులకు తెలుసు.) ఆమె చురకత్తికి చిన్న పుర్రెబొమ్మ ఒకటి వేలాడుతుంటుంది, దాని లోపల సిలువ దాగి ఉంటుంది. వెతుకుతున్న మనిషి ఆమె తండ్రేననీ, ఆయన రహస్య క్రైస్తవుడనీ, ఇకిత్సుకి దీవిలో తలదాచుకున్నాడనీ మెల్లగా తెలుస్తుంది. ఆ దీవి నిజంగానే రహస్య క్రైస్తవులకు పేరుపడిన చోటు. ఇవాంజెలియన్లో ఆకాశమంత ఎత్తు లేచే సిలువల కన్నా ఈ గోరంత సిలువే నాకు బరువుగా తోచింది, ఎందుకంటే దీన్ని దాచుకున్న మనిషికి అది బయటపడితే ప్రాణం పోతుంది.

అదే దర్శకుడి ‘సకమిచి నో అపొలోన్’ (2012) 1966లో, నాగసాకి రాష్ట్రంలోని ససెబోలో మొదలవుతుంది. కొట్లాటలకు ముందుండే, డ్రమ్స్ వాయించే సెంతారో మెడలో జపమాల ఉంటుంది, ఆదివారం చర్చికి వెళతాడు. అతడి విశ్వాసం గురించి కథ ఉపన్యాసం ఇవ్వదు. చివరికి అతడు ఒక దీవిలోని చర్చిలో పాదిరి అయ్యే దారిలో కనిపిస్తాడు. వెతుక్కుంటూ వచ్చిన పాత స్నేహితుడితో కలిసి ఆ చర్చిలోనే జాజ్ వాయిస్తాడు.

నాగసాకికి బయట ఒకటి చెప్పాలంటే ‘మరియా-సమా గ మితెరు’ (2004) చెబుతాను. కతోలిక బాలికల పాఠశాల కథ అది. అందులో షిమాకో అనే అమ్మాయి మఠకన్య కావాలని కోరుకుంటుంది కానీ ఆమె తండ్రి బౌద్ధాలయ పూజారి. ఆ సంగతి తెలిస్తే బడి విడిచిపోవలసి వస్తుందేమోనని మథనపడుతూ ఉంటుంది. తీరా బయటపడ్డాక ఎవరూ ఆమెను వెలివేయరు. అన్నివైపులా వేరే మతం ఉన్న ఇంట్లో ఒక్కరు విశ్వాసులైతే ఎలా ఉంటుందో మన కుటుంబాల్లో కూడా కొందరికి తెలుసు.

ప్రశ్న: యేసు, బుద్ధుడు టోక్యోలో ఒకే గదిలో అద్దెకుండే అనిమే ఉందట. అది అవహేళన కాదా? క్రిస్మస్‌కు పిల్లలతో కలిసి చూడదగినది ఏదైనా చెప్పగలరా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరడిగింది హికారు నకమురా 2006లో మొదలుపెట్టిన ‘సెయింట్ ఒనీసాన్’ బొమ్మల కథ; 2013లో అనిమే చిత్రంగానూ వచ్చింది. ఇద్దరూ సెలవు తీసుకుని టోక్యోలోని తచికావాలో కాపురం పెడతారు. బుద్ధుడు ప్రతి యెన్నూ లెక్కపెడతాడు, యేసు కనిపించినదల్లా కొంటాడు. వెక్కిరింత కన్నా మురిపెమే ఎక్కువని నా అభిప్రాయం. అయినా దేవుణ్ణి హాస్యంలోకి తేవడమే ఇష్టం లేనివారు దీని జోలికి పోకపోవడం మంచిది, వారితో వాదించను.

క్రిస్మస్‌కు సతోషి కోన్ తీసిన ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ (2003) చూడండి. మోటు మాటలు, కొంత హింస ఉన్నాయి కనుక చిన్నపిల్లలకు వద్దు, హైస్కూలు దాటినవారితో చూడవచ్చు. చర్చిలో పిల్లలు వేసే క్రిస్మస్ నాటకంతో మొదలవుతుంది. చూస్తున్నవారిలో చాలామంది తర్వాత పెట్టే భోజనం కోసం వచ్చిన ఇల్లులేనివారు. అదే రాత్రి వారిలో ముగ్గురికి చెత్తకుప్పలో ఒక పసికందు దొరుకుతుంది. బిడ్డకు వాళ్లు కియోకో అని పేరు పెడతారు. మన సంఘాలు ‘శుద్ధరాత్రి’ అని పాడుకునే పాట జపాన్ భాషలో ‘కియొషి’ అనే మాటతో మొదలవుతుంది, ఆ మాటకు అర్థం కూడా శుద్ధమైనది అనే.