ఎఫ్‌డీ కదపకండి, ముందు ఎర్త్ వైరు చూపించండి

ప్రశ్న: మాది గుంటూరు. 2010 మోడల్ పెట్రోలు కారు ఉంది. ఈ నెలలో మూడుసార్లు నడుస్తుండగానే కరెంటు మొత్తం పోయింది. ఒకసారైతే రాత్రిపూట, కాజ టోల్‌గేట్ దగ్గర. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతోంది. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాం. ఇప్పుడు మెకానిక్ డైనమో, వైరింగ్ కలిపి 22,000 అంటున్నాడు. పాప ఇంజినీరింగ్ కోసం దాచిన 6 లక్షల ఎఫ్‌డీ తీసి కొత్త కారు కొనేద్దామా?

జవాబు: వద్దండీ. ఆ 22,000 కూడా ఇప్పుడే ఇవ్వొద్దు.

‘పది నిమిషాలు ఆగితే’ అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ దానంతటది లేవదు. డైనమో పాడైతే సాధారణంగా ముందు మీటరులో బ్యాటరీ గుర్తు వెలుగుతుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి, ఆ తర్వాతే బండి ఆగుతుంది. అంతా ఒక్కసారిగా పోయి ఒక్కసారిగా వస్తోందంటే ముందు అనుమానించాల్సింది వదులు కాంటాక్టుని. అది బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కావచ్చు, బ్యాటరీ నెగటివ్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపే ఎర్త్ వైరులో కావచ్చు, మెయిన్ ఫ్యూజు దగ్గరో ఇగ్నిషన్ స్విచ్‌లోనో కావచ్చు.

మా నాన్నగారి పాత కారుకీ ఇదే వచ్చింది. ఎవరో చెప్పారని డైనమో మార్పించాం. డబ్బు పోయింది, జబ్బు పోలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన బ్యాటరీ ట్రే తీసి, ఎర్త్ వైరు తొడుగు కోసి చూపించారు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. లోపల రాగి తీగలకు పచ్చగా చిలుము పట్టి, వేళ్లతో నలిపితే పొడిగా రాలాయి. వైరుకీ కూలికీ కలిపి వెయ్యి కూడా కాలేదు.

అందుకే ఈసారి మెకానిక్ దగ్గరికి కాకుండా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. మీ గుంటూరు ఆటోనగర్‌లో ఉంటారు, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ ఉంటారు. ఏదీ మార్చొద్దని చెప్పి, మల్టీమీటర్‌తో చూసినందుకే కూలి ఇవ్వండి. రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5. అంత వస్తోందంటే డైనమో ఛార్జింగ్ ఇస్తున్నట్టే. తర్వాత సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్‌కీ మధ్య కొలవమనండి. అర వోల్టు దాటితే దొంగ ఎర్త్ దగ్గరే ఉన్నాడు. ఈ అంకెలు పక్కనే నిలబడి మీరే రాసుకోండి.

రెండో బ్యాటరీ గ్యారంటీ కార్డు కూడా వెతకండి. లోపం బ్యాటరీదేనని తేలినా, ఉచితంగా మార్చిచ్చే గడువు లోపల ఉంటే ఇంకోసారి డబ్బు పెట్టక్కర్లేదు.

ఇక కొత్త కారు సంగతి. ఎఫ్‌డీ ముట్టుకోకుండా 6 లక్షలు అప్పు చేసినా, 9.5 శాతం మీద అయిదేళ్లకు నెలకు 12,600 చొప్పున కట్టాలి. వడ్డీయే లక్షన్నర పైన. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి, అంతకంటే ముఖ్యంగా పాప ఫీజు కట్టే రోజుకి చేతిలో ఏమీ ఉండదు. ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, వైరు పాడైందని కారు మార్చొద్దు. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, బాడీ అడుగు తుప్పు తినేసినా అప్పుడు నేనే మార్చమంటాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సంగతి తేలేదాకా హైవే ఎక్కొద్దు, రాత్రిపూట అసలే వద్దు. ఇంజిన్ ఆగితే లైట్లు పోవడమే కాదు, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, బండి ఆగాలంటే చాలా బలంగా తొక్కాలి. రీడింగులు రాసి పంపండి. ఆ 22,000లో ఏ పని అవసరమో, ఏది కాదో అప్పుడు కలిసి చూద్దాం.