బావి దగ్గర పాత రేకుల షెడ్డులో మేకలు పెట్టొచ్చా?

ప్రశ్న: మా బావి దగ్గర పదేళ్ల కిందట వేసిన రేకుల షెడ్డు ఉంది. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. నాలుగు వైపులా రేకులే, ఒక తలుపు, కింద సిమెంటు గచ్చు. ఇన్నాళ్లూ మోటారు స్టార్టరు, యూరియా బస్తాలు, పురుగుమందు డబ్బాలు అందులోనే పెట్టాం. ఇప్పుడు వాటికి వేరే గది కట్టుకున్నాం. ఖాళీ అయిన షెడ్డులో 20 మేకలు పెంచుదామనుకుంటున్నాను. సరిపోతుందా? ఏమేం మార్చాలి?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: పెట్టొచ్చండి. కాకపోతే 20 కాదు, 10. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, ఆ షెడ్డులో మేకలకు పనికొచ్చేది పైకప్పు ఒక్కటే, గోడలతో వాటికి పని లేదు.

లెక్క చూడండి. పెద్ద మేకకు పడుకోవడానికి, లేచి తిరగడానికి 10 నుంచి 12 చదరపు అడుగులు కావాలి, పోతుకు 20 పైనే. మీ దగ్గర ఉన్నది 150. పది మేకలకు 120 దాకా పోతే, మిగిలిన 30 అడుగుల్లో ఒక మూల తడిక కట్టి ఈనిన మేకను, పిల్లలను ఉంచుకోవచ్చు. పోతును మాత్రం వేరేగా కట్టేసుకోండి. మేక ఒక్కో పిల్లను పెట్టినా ఏడాది తిరిగేసరికి ఆ 10 ఎలాగూ 20 అవుతాయి, కాబట్టి మొదటే నింపేస్తే పిల్లలను ఎక్కడ పెడతారు?

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. స్టార్టరు వేరే గదికి మార్చామన్నారు, మరి పాత వైర్లు, మెయిన్ నుంచి వచ్చే లైను అక్కడే వేలాడుతున్నాయేమో చూసుకోండి. ఇనుప చట్రానికి ఎక్కడైనా అతుకు ఊడిన వైరు తగిలిందంటే షెడ్డు మొత్తానికి కరెంటు పాకుతుంది, వానాకాలంలో తడి నేల మీద నిలబడ్డ మేక ఒక్కసారి రేకును రాసుకుంటే చాలు. పైగా మేక దేన్నీ వదలదు, వైరు కనిపిస్తే కొరుకుతుంది. లైను పూర్తిగా తీయించండి. లోపల బల్బు కావాలనుకుంటే వైరు పైపులో, మేక ముందుకాళ్లెత్తి నిలబడినా అందనంత ఎత్తులో ఉండాలి, ఎర్తింగ్ తప్పనిసరి.

రెండోది మందులు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పదేళ్లు డబ్బాలు కారిన గచ్చు అది, పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, లోపల పీల్చుకుని ఉంటుంది, మేకలేమో నేలనూ గోడనూ నాకుతాయి. మూలల్లో యూరియా పలుకులు గుప్పెడు మిగిలినా కడుపుబ్బి, వణుకు వచ్చి, గంటల్లో చచ్చిపోతుంది. అందుకే గచ్చును కడిగి వాడుకుందామని చూడకండి, పగలగొట్టించి తీసేయండి. దాని కింద మట్టి కూడా అర అడుగు తవ్వి, పశువులు మేసే చోట కాకుండా దూరంగా గుంట తీసి పూడ్చేయండి. ఆ స్థానంలో మొరం పోసి, బాగా దిమ్మిస కొట్టి, ఒక వైపుకు కాస్త వాలు ఇవ్వండి. దీంతో ఇంకో లాభం ఉంది, సిమెంటు మీద మూత్రం నిలుస్తుంది, మొరంలో ఇంకిపోతుంది. ఉంచుకునే రేకులను, చట్రాన్ని బట్టల సోడా నీళ్లతో రెండుమూడు సార్లు రుద్ది కడిగి, రెండు వారాలు ఎండకు వదిలేయండి. కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ నీళ్లు బావి వైపు పోనివ్వొద్దు.

ఇక గోడలు. ఉత్తరం, దక్షిణం, తూర్పు వైపు రేకులను నేల నుంచి 3 అడుగుల వరకే ఉంచి, పైన విప్పేసి ఇనుప జాలీ కొట్టించండి. పడమటి గోడను మాత్రం ఉంచుకోండి, మనకు ఎండాకాలం వడగాలీ వానాకాలం జల్లూ అటునుంచే కదా. కోసిన రేకు అంచు కత్తిలా ఉంటుంది, దాన్ని మడిచి పైన వెదురు బద్ద కట్టండి, లేదంటే పొదుగులు చీరుకుపోతాయి, తుప్పు గాయం నుంచి ధనుర్వాతం కూడా రావచ్చు. ఒక జాగ్రత్త, గోడలు విప్పాక గాలి లోపల దూరి పైకప్పును లేపుతుంది. కొక్కేలు బిగించి, మూలల్లో ఏటవాలుగా పట్టీలు వేయమని వెల్డరుకు చెప్పండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, నిరుడు వానాకాలంలో ఇలాంటి షెడ్డే ఒకటి చూశాను. దొంగల భయానికి రాత్రి తలుపేసి తాళం పెట్టేవాళ్లు. మూత్రం ఘాటుకు పిల్లలన్నిటికీ దగ్గు, ముక్కులు కారడం, ఆరు పిల్లలు పోయాక గానీ కిటికీ పెట్టలేదు. దొంగలను జాలీ కూడా ఆపుతుంది.

పైకప్పు 10 అడుగుల ఎత్తుంటే బాగుండేది, మీది 8 కాబట్టి మే నెల ఎండకు లోపల పొయ్యి లాగే ఉంటుంది. రేకుల పైన సున్నం కొట్టి, ఆ మీద తాటాకు మందంగా పరచండి. కోతుల బెడద ఉంటే పైన పాత వల కప్పి కట్టండి. యూట్యూబులో చూసి నేలను 3 అడుగులు లేపి చెక్కల అంతస్తు వేయాలని మాత్రం అనుకోకండి, అప్పుడు రేకుకూ మేక వీపుకూ మధ్య ఏం మిగులుతుంది? పగలు మేకలు లోపల ఉండాల్సిన పని కూడా లేదు. పక్కనే 300 చదరపు అడుగుల దొడ్డి కట్టి, వేపచెట్టు నీడ ఉంటే సరే, లేకుంటే పందిరి వేయండి. నీళ్ల తొట్టి అక్కడే పెట్టండి. చలికాలం రాత్రుళ్లు జాలీకి గోనె సంచులు కట్టినా పైన జానెడు సందు వదలండి.

టీకాల గురించి క్లుప్తంగా: 3 నెలలు దాటిన పిల్లలకు పీపీఆర్ (పారుడు రోగం) టీకా, తొలకరికి ముందు చిటుకు రోగం (ఉన్నట్టుండి ప్రాణం తీసేది) టీకా, ఈ చిటుకు టీకాను రెండు వారాలకు మళ్లీ ఒకసారి. సంతలో కొన్నవాటిని 3 వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి. అవసరమైతే 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

పది మేకలూ ఒకేసారి కొనొద్దు. ముందు నాలుగు తెచ్చి ఓ వారం ఉంచండి. తెల్లవారుజామున లోపలికెళ్లి, నిలబడి కాదు, మేక ముక్కు ఎత్తుకు వంగి గాలి పీల్చండి. కళ్లు మండితే ఇంకో రేకు విప్పాల్సిందే.