నోట్లో గుడ్లున్న చేపకు మందు వేయకండి

ప్రశ్న: ఇంట్లో మూడడుగుల ఆక్వేరియంలో పసుపు రంగు ఆఫ్రికన్ సిచ్లిడ్ చేపలు ఆరు, ఎర్ర జీబ్రా సిచ్లిడ్లు మూడు పెంచుతున్నాను. ఒక పసుపు చేప పది రోజులుగా మేత ముట్టడం లేదు. దవడ కింద ఉబ్బింది. కడుపు ఉబ్బే రోగమని మందు వేయమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? వీటి పిల్లలను పెంచి అమ్ముకోవచ్చా?
- ఓ రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ మందు పక్కన పెట్టేయండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది జబ్బు కాదు, మీ చేప గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతోంది. చెరువులో తిలాపియాను పట్టినప్పుడు నోట్లోంచి గుడ్లో, పిల్లలో రాలడం మీరు చూసే ఉంటారు. ఇవీ ఆ కుటుంబానివే. వీటి సొంత ఊరు ఆఫ్రికాలోని మలావీ సరస్సు, అక్కడి రాళ్ల సందులు.

అయినా ఒకసారి సరిచూసుకోండి. పొదిగే చేపకు దవడ కిందే ఉబ్బు ఉంటుంది, పొట్ట లోపలికి పోతుంది. ఏదో నములుతున్నట్టు దవడలు ఆడిస్తూ లోపలి గుడ్లను తిప్పుతుంటుంది. రోగమైతే పొట్టే ఉబ్బుతుంది, తెల్లగా దారంలా విసర్జిస్తుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటాయి. ఈ రోగానికి మాంసం మేత ఎక్కువ కావడం ఒక ముఖ్య కారణం. రాళ్ల మీది నాచు, అందులోని చిన్న పురుగులు తినే జాతులివి. ఎర్ర పురుగులు, గొడ్డు మాంసం మానేసి స్పిరులినా అనే నాచుపొడి కలిసిన మేత కొద్దికొద్దిగా వేయండి.

పిల్లలు బయటికి రావడానికి మొత్తం మూడు వారాలు పడుతుంది, నీళ్లు చల్లగా ఉంటే ఇంకొన్ని రోజులు. అన్నాళ్లూ తల్లి దాదాపు ఏమీ తినదు. ఇప్పుడే వల పెట్టి కదిలిస్తే గుడ్లు ఉమ్మేయవచ్చు, మింగేయనూ వచ్చు. మరో వారం ఆగండి. పద్దెనిమిదో రోజు దాటాక రాత్రి లైటు ఆర్పి, మెల్లగా పట్టి, పాత తొట్టి నీళ్లే నింపిన 25 లీటర్ల చిన్న తొట్టిలోకి మార్చండి. స్పాంజ్ ఫిల్టర్ చాలు. దాన్ని ఇవాళే పెద్ద తొట్టిలో వేసి ఆడించండి, అప్పటికి మేలు చేసే బ్యాక్టీరియా కొంత పడుతుంది. పిల్లలు దాదాపు సెంటీమీటరు పొడవుతో వస్తాయి. మెత్తగా నలిపిన మేత, దొరికితే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలు రోజుకు మూడు నాలుగుసార్లు ఇవ్వండి.

ఇక నీళ్లు. ఆర్వో నీళ్లు వీటికి పనికిరావు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7.8 నుంచి 8.5 మధ్య, కాస్త కఠినత్వం ఉన్న బోరు నీళ్లే నయం. ఒకసారి పరీక్ష చేయించండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే వాడాలి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది: పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే చేపల విసర్జనల వల్ల నీళ్లలో చేరే అమ్మోనియాలో విషపూరితమైన భాగం సుమారు పది రెట్లవుతుంది. అందుకే వారానికోసారి పావు వంతు నుంచి మూడో వంతు నీళ్లు తప్పక మార్చాలి. వేడి 24 నుంచి 27 డిగ్రీలు ఉంటే మంచిది. ఎండాకాలంలో గాలి పంపు ఆపొద్దు, కరెంటు పోతే బ్యాటరీది పెట్టండి.

చేపలు దాక్కునే గూళ్లకు తాండూరు బండ ముక్కలు వాడుకోవచ్చు, అవి సున్నపురాయే కాబట్టి ఈ నీళ్లకు సరిపోతాయి. అంచులు అరగదీసి, రాళ్లను ముందు పేర్చి తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పెడితే ఈ చేపలు కింద తవ్వేసి కూలుస్తాయి. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంటే దాని వేధింపు ఒక్కదాని మీదే పడదు.

అమ్మకం మాటకొస్తే, మీ తొట్టిలో నాకు నచ్చనిది ఒకటే. పసుపు చేపలు, ఎర్ర జీబ్రాలు కలిసి సంకరం అవుతాయి. ఇప్పుడు ఆ నోట్లో ఉన్నవాటి తండ్రి ఎవరో మీకు తెలియదు. ఈ పిల్లలను అసలు జాతిగా అమ్మవద్దు, పెంచుకోండి. రెండు జాతులనూ విడదీశాక వచ్చే కాన్పు నుంచి అమ్మకం ఆలోచించండి. మిగిలినవాటిని చెరువులో, వాగులో మాత్రం వదలకండి. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఎలా పాకిందో మీకు తెలుసు.

పిల్లలను వదిలాక తల్లికి నాలుగైదు రోజులు విడిగా మేత పెట్టి కోలుకోనివ్వండి. తిరిగి పెద్ద తొట్టిలోకి వేసేటప్పుడు రాళ్ల అమరిక కొంచెం మార్చి, చీకటి పడ్డాక వదిలితే మిగతావి దాని మీద పడవు.